ఆయిల్ పోశావా, లేదా?

"ఆయిల్ పోశావా, లేదా? ఒక్క మాట చెప్పు చాలు."

ఇంటి వెనక షెడ్డులో, చైన్ పుల్లీ పక్కన నిలబడి మామగారు మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

"పోశాను మామయ్యా. డబ్బా బోర్లించి మరీ పోశాను."

"మరి ఏమైపోయింది? నా ఇంజను తాగేసి మూతి తుడుచుకుందా?"

అల్లుడు మెకానిక్కు. చుట్టుపక్కల ఎవరి బండి ఆగినా ముందు అతణ్ణే తలుచుకుంటారు. అలాంటివాడు ఆయిల్ మార్చిన మర్నాడే, సొంత మామగారి పాతకాలపు రొట్టెల వ్యాను వీధి మలుపైనా తిరక్కుండా ఇంజను పట్టేసి ఆగిపోయింది. పాత ఆయిల్ తీసి కొత్తది పొయ్యడం మర్చిపోయాడని మామగారు రొట్టెలు కొనే ప్రతి ఇంటికీ చెప్పేశాడు. ఇప్పుడు బండి ఇచ్చి వెళ్ళే ప్రతివాడూ "ఆయిల్ గుర్తుందిగా?" అని ఇకిలిస్తున్నాడు. అల్లుడికి తల కొట్టేసినట్టుగా ఉంది.

"ఇవాళ ఎలాగూ ఇంజను దింపాలి, అడుగునున్న ఆయిల్ బోల్టు కూడా విప్పుతాను. ఆయిల్ ఎటు పోయిందో తేలిపోతుంది. తప్పు నాదైతే మీ ఎదుటే ఒప్పుకుంటాను."

"తేలేదేముందిలే, తేలిందేగా!"

షెడ్డు గోడకున్న కుళాయి దగ్గర అత్తగారు బిందె నింపుతోంది. ఆ కుళాయి మరకి నీలం పూల గుడ్డపీలిక చుట్టి ఉంది. ఇంట్లో ఏది కారినా ఆవిడకి ఒకటే మందు, పాత దిండు గలీబు చింపి మరకి చుట్టి బిగించడమే.

"ఇంకా దానితో ఏం పనండీ?" అందావిడ. "అమ్మి పారేయక."

"అమ్మడమా! బాగుచేయించి మళ్ళీ నేనే తిప్పుతా. బడి ముందు పిల్లలు నా హారన్ కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు తెలుసా?"

అత్తగారు బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా చూసుకోలేదు.

అల్లుడు బానెట్ ఊడదీశాడు, రేడియేటర్ పక్కన పెట్టాడు. ఇంజను బోల్టులు తుప్పుపట్టి మొండికేశాయి.

"పదిహేడు నంబరు స్పానర్ అందుకోండి."

మామగారు ఒకటి అందించాడు. అది పద్నాలుగు.

"ఈమధ్య నంబర్లు మరీ చిన్నగా వేసి చస్తున్నారు," అని విసుక్కున్నాడు. ఆ స్పానర్ ఆయన పెళ్ళినాటిది.

"అవునుగానీ, ఆరోజు ఆయిల్ తక్కువైందని ఎర్రలైటు వెలగలేదా?"

"వెలిగితే నాకు కనబడదా? నా చూపుకేం రోగం?"

"వ్యాను ఎడమవైపు ఈ సొట్టలేమిటి మరి?"

"గేటు స్తంభాలు రోడ్డు మీదికి కట్టుకుంటున్నారు వెధవలు. నన్నేం చెయ్యమంటావ్?"

కిరోసిన్ పోసి, సుత్తితో కొట్టి, చివరికి బోల్టులన్నీ ఊడదీశాడు. గొలుసు లాగుతుంటే ఇంజను మూలుగుతూ పైకి లేచింది. దాన్ని పాత టైర్ల మీదికి దించి, కింద పళ్ళెం పెట్టి, అడుగున ఉన్న బోల్టు విప్పాడు.

ఒక్క చుక్క రాలలేదు.

"చూశావా! చూశావా!" మామగారు చప్పట్లు కొట్టాడు. "ఎడారి! నేనేం చెప్పాను?"

అల్లుడు అరచేతిలోని బోల్టు వంక చూస్తుండిపోయాడు. తను రాగి వాషర్ వేసి బిగించాడు. ఎప్పుడూ అంతే చేస్తాడు. ఇప్పుడు వాషర్ లేదు. మర చుట్టూ ఒక గుడ్డపీలిక ఉంది. జిడ్డులోంచి నీలం పువ్వొకటి కనబడుతోంది.

తలెత్తి కుళాయి వైపు చూశాడు. తర్వాత అత్తగారి వైపు చూశాడు. ఆవిడ టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఒళ్ళు మండింది అతనికి. ఇన్నాళ్ళూ పోయిన పరువు పిడికిట్లోనే ఉంది, చూపిస్తే చాలు. బోల్టు తీసుకెళ్ళి మామగారి ముక్కు ముందు పెట్టాడు.

"ఇదిగో, దీనికేం ఉందో చూసి చెప్పండి మామయ్యా."

మామగారు కళ్ళు చికిలించాడు. తల వెనక్కి వాల్చాడు, ముందుకు వంచాడు.

"ఏముంటుంది? ఉత్త బోల్టు. నన్ను ఏమార్చాలని చూడకు."

అల్లుడి కోపం చప్పున చల్లారింది. బడి గేటు ముందు రోడ్డు దాటే పిల్లలు గుర్తొచ్చారు. పీలిక లాగి జేబులో కుక్కేసుకున్నాడు.

"నిజమే మామయ్యా. పొయ్యడం నేనే మర్చిపోయాను."

"అద్గదీ! ఒప్పుకున్నావ్, పెద్దమనిషివి. పోనీలే, నాకేం కోపం లేదు. ఎక్కడైనా వెతికి ఇంకో ఇంజను బిగించిపెట్టు, చాలు." ఈ కబురు వీధిలో వెయ్యడానికి మామగారు హుషారుగా బయల్దేరి, టైరుకి తట్టుకుని, దాన్ని నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు.

అత్తగారు దగ్గరికొచ్చి టీ గ్లాసు చేతికిచ్చింది. చెమర్చిన కళ్ళు తుడుచుకుంది. వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"కొత్త ఇంజనుకి కూడా ఆ బోల్టు కిందేగా నాయనా ఉంటుందీ?"