ఇంకాస్త మెత్తగా

ఎర్ర కారు మళ్లీ వచ్చింది.

వంటగది కిటికీలోంచి చూసిన భాగ్యశ్రీ చేతిలో గరిటె ఆగిపోయింది.

పలాస నుంచి మందస వెళ్లే రోడ్డు పక్కన ఆమె భర్త చిరంజీవి మెకానిక్ షెడ్డు. షెడ్డు వెనకే ఇల్లు.

కారులోంచి సాహిత్య దిగింది. టెక్కలి ఆవిడ. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన నూలు చీరలో ఉంది.

భాగ్యశ్రీ గోడ మీది అద్దంలోకి చూసుకుంది. విశాఖలో కిడ్నీ మార్చాక వాడుతున్న మందులకి మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. జుట్టు పలచబడింది.

అద్దం మీద తువ్వాలు కప్పేసింది.

"మళ్లీ ఏటొచ్చింది మేడమ్?" చిరంజీవి గొంతు.

"గతుకులో పడితే నడుం అదిరిపోతోందండీ. ఇంకాస్త మెత్తగా చెయ్యలేరా?"

"చవకరకం షాకబ్జర్ల సెట్టు కదా, మరీ మెత్తగా రాదు. సూద్దాం."

అది రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. పాతదే అయినా అలాంటి బండి చిరంజీవి చేతికి ఎప్పుడూ రాలేదు.

"మా ఆయన తెప్పించిన సెట్టు. మీరే బిగించాలి" అంటూ మొదటిసారి వచ్చిననాడు సాహిత్య ఒక అట్టపెట్టె దించింది. స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా ఉండే కాయిలోవర్లు. కింద రింగు తిప్పితే కారు ఎత్తు మారుతుంది. పైన మర తిప్పితే గట్టిదనం మారుతుంది.

ఆ రాత్రి అన్నం తింటూ చిరంజీవి ఒకటే సంబరం.

"అలాటి బండి మరి దొరకదే భాగ్యం!"

బండి గురించేనా అనిపించింది భాగ్యశ్రీకి.

బిగించాక కారు మరీ కిందికి దిగి, స్పీడ్ బ్రేకర్ దగ్గర టైరు రాసుకుందంది సాహిత్య. రింగులు తిప్పి ఎత్తు పెంచాడు. తర్వాత ముందు చక్రం దగ్గర టకటకమంటోందంది. నట్లన్నీ విప్పి బిగించాడు. ఇప్పుడు గట్టిగా ఉందట.

ఇవాళ పని అయ్యాక ఇద్దరూ కారెక్కారు. ఉన్నవి రెండే సీట్లు. ఒకదాంట్లో ఆవిడ, రెండోదాంట్లో తన మొగుడు.

తిరిగొచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడింది.

"ఇంతసేపా బావా?"

"గతుకుల్లో నడిపితేనే కదే తెలుస్తాది. బారువ దాకా ఎల్లొచ్చాం."

"నన్నోపాలి ఎక్కించుకోవచ్చు కదా?"

"నీకు కుదుపులు పడవే."

ఇంతలో సాహిత్య వంటగది గుమ్మం దాకా వచ్చింది.

"మందులు టైముకి వేసుకుంటున్నారా? నీళ్లు బాగా తాగుతున్నారా?"

భాగ్యశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

కారు వెళ్లగానే మొగుడి మీద విరుచుకుపడింది.

"నా రోగం గురించి కూడా కారులో కబుర్లేనా?"

"ఆవిడ అడిగితే సెప్పేను. తప్పేటి?"

ఆ రోజంతా భాగ్యశ్రీ అతనితో మాట్లాడలేదు.

కొన్నాళ్లకి కారు మళ్లీ వచ్చింది. చిరంజీవి సామాన్లకి కాశీబుగ్గ వెళ్లాడు. ఈసారి భాగ్యశ్రీయే ఎదురెళ్లింది.

"ఆయన లేరు."

"పర్లేదండీ. కాసేపు మీ దగ్గర కూర్చుంటాను."

"ఎందుకు? ఆ కారుకేటీ అవలేదు. అయినా టెక్కలిలో షెడ్డులే లేవా?"

సాహిత్య తల దించుకుంది.

"పరాయి మగోడితో ఇలా తిరుగుతుంటే మీ ఆయన ఏటీ అనరా?"

"ఏమీ అనరండీ."

"ఆయన అనకపోతే నానంటాను. ఇంకోపాలి ఈ గుమ్మం తొక్కకండి."

సాహిత్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కోపం తెచ్చుకోలేదు. ఒక అడుగు ముందుకు వేసింది.

"వెళ్లిపోతాను. ఒక్కసారి మీ చెయ్యి పట్టుకోవచ్చా?"

భాగ్యశ్రీ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

కారు షెడ్డు ముందున్న గతుకు మీంచి మెత్తగా, చప్పుడు లేకుండా దాటిపోయింది.

'బాగానే ఉంది కదా! అన్నీ అబద్ధాలే' అనుకుంది భాగ్యశ్రీ.

ఆ తర్వాత ఎర్ర కారు రాలేదు. చిరంజీవి అప్పుడప్పుడూ రోడ్డు వైపు చూడటం మాత్రం ఆమె కంటపడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం చిరంజీవి ఫోన్ మాట్లాడుతూ మాట్లాడుతూ గడప మీద కూలబడ్డాడు.

"ఎవులు బావా?"

"సాహిత్య గారు. కారు అమ్మీసేరట. అమ్మోళ్లతో రాయ్‌పూర్ ఎలిపోతన్నారు. రైల్లోంచి సేసేరు."

"పీడా పోయింది."

"అలాగనకే! మరి ఈ ఫోన్ నంబరుండదట. మనల్ని ఎతకొద్దన్నారు."

"నానెందుకెతుకుతాను?"

"బండి ఎత్తు పెంచినపుడే బాగయిపోయిందట. టకటకలు, కుదుపులు అన్నీ ఉత్తుత్తివేనట. నిన్ను సూడ్డానికే వొచ్చేదట. దారంతా నీ మాటే అడిగేది. మంచిమనిషనుకున్నాను గానీ, నాకూ తెల్లేదే."

భాగ్యశ్రీ తెల్లబోయింది.

"నన్ను సూడ్డానికా? నానేటవుతాను ఆవిడికి?"

"నువ్వెవులో ఆస్పత్రోళ్లు సెప్పలేదట. నీకు ఆపరేషనైన మర్నాడు పేపర్లో పలాస మనిషికని సూసి, ఆళ్లనీ ఈళ్లనీ అడిగి ఇల్లు పట్టుకున్నారట."

"ఎందుకు బావా?"

చిరంజీవి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"ఆవిడ పెనిమిటి పోయేరట. నీకేసిన కిడ్నీ ఆయనదే, భాగ్యం."