ఈ పక్కవాడు ఓడాలి

మునియప్ప చెంబు మీది తడిగుడ్డ ఎత్తి వాసన చూశాడు. పాలు ఇంకా విరగలేదు. కానీ ఈ ఎండకు ఎంతసేపు ఓర్చుకుంటాయి?

"ఇంకా ఎంతసేపప్పా?" అని గేటు కాపలా ఉన్న కేశవప్పను మళ్ళీ అడిగాడు.

"నాకేం తెలుసు మామా. ఇది గడియారం చూసి ఆపే ఆట కాదు. ఒకడు పడిపోయేదాకా సాగుతుంది."

హోసూరులో ఒక కంపెనీ క్లబ్బు. అందులో మగవాళ్ళ సింగిల్స్ టెన్నిస్ పోటీ. సరదాకు ఆడేవాళ్ళు కాదు, ఆటే బతుకుగా దేశాలు తిరిగేవాళ్ళు. ఎర్రమట్టి కోర్టు. చుట్టూ ఇనుప కంచె. ముందు వరస కుర్చీల్లో కృష్ణగిరి మామిడి మండీ షావుకార్లు, వాళ్ళ నెత్తిన షామియానా. వర్కర్లకు గేటు పక్కన రెండు బెంచీలు. ఎండ కూడా మనిషిని చూసే కాస్తుంది.

మునియప్ప మధ్యాహ్నమే కెలవరపల్లిలో ఆవును పితికి, చెంబు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. ఆట ముగిసి అందరూ పక్కకు పోగానే ఒక్క నిమిషం లోపలికి వదులుతానని కేశవప్ప మాట ఇచ్చాడు. ఆ ఒక్క నిమిషం చాలు ముసలాయనకు.

అయితే ఆరింటికి కేశవప్ప డ్యూటీ దిగిపోతాడు. తర్వాత వచ్చేది ఏజెన్సీ గార్డు. వాడికి మునియప్ప ఎవరో తెలియదు, తెలుసుకునే ఓపికా ఉండదు. పొద్దు మునిగాక లోపలికి పోయినా లాభం లేదు.

బెంచీ మీద ఫ్యాక్టరీ ఫిట్టరు ఉదయ్ కుమార్ జరిగి చోటిచ్చాడు.

"ఏం తాతా, పాలు క్యాంటీన్‌కా?"

"కాదప్పా. లోపలికి."

"లోపలికా? వాళ్ళు బాటిల్ నీళ్ళు తప్ప తాగరు. నీ పచ్చిపాలు తాగితే ఆ తెల్లాయన మిగతా ఆట కక్కసులోనే ఆడాల."

బెంచీ అంతా నవ్వింది. మునియప్ప నవ్వలేదు. ఆయన కళ్ళు కోర్టు ఈ చివరను వదలడం లేదు.

ఈ చివర ఢిల్లీ కుర్రవాడు ఆడుతున్నాడు, అవతలి చివర ఆ విదేశీ తెల్లాయన. సర్వీసుకు ముందు బంతిని నేలకేసి టపటపా కొడతాడు. పరిగెత్తుకొచ్చి సర్రున జారుతాడు. బూటు కింద ఎర్రమట్టి నాగలి చాలులా లేస్తుంది.

"మెల్లిగా నాయనా, మెల్లిగా," అని మునియప్ప పళ్ళు బిగబట్టాడు. "వీడు తొందరగా ఓడిపోతే పీడా పోతుంది."

"అట్లంటావేం తాతా? మన దేశం వాడు గదా."

అంతలో ఆటగాళ్ళు చివరలు మారారు. తెల్లాయన ఈ పక్కకు వచ్చాడు. కుర్రవాడి కంటే ఒకటిన్నర రెట్లు ఉన్నాడు. అడుగు వేస్తే నేల అదిరేటట్టుంది.

"అయ్యో. ఈ దున్నపోతు ముందు ఓడాల," అన్నాడు మునియప్ప.

"ఇందాక వాడు ఓడాలంటివి. ఇప్పుడు వీడా? ఎవరో ఒకరి పక్క ఉండు తాతా."

"ఈ పక్కకు ఎవడొస్తే వాడే ఓడాల."

"రెండు పక్కలా పందెం కాసినట్టుండావే." బెంచీ మళ్ళీ నవ్వింది.

ఆఖరి సెట్టు. నలభై, నలభై.

"ముగిసిపోయినట్టేనా?" మునియప్ప బెంచీ మీంచి లేచాడు.

"యాడ ముగిసింది? సమానమైనారు. ఇంక ఎవడైనా వరసగా రెండు కొట్టాల."

తెల్లాయన ఒకటి కొట్టాడు. కుర్రవాడు దాన్ని చెరిపేశాడు. కుర్రవాడు కొట్టాడు. తెల్లాయన చెరిపేశాడు. గెలిచేవాడు గెలవడు, ఓడేవాడు ఓడడు. షావుకార్లు చప్పట్లు కొట్టారు. మునియప్పకు ఆ చప్పట్లు చెంపదెబ్బల్లా తగిలాయి.

గుడ్డ ఎత్తి చూశాడు. సన్నగా పులుపు వాసన. పొద్దు ఫ్యాక్టరీ షెడ్డు వెనక్కి దిగుతోంది. రోడ్డు అవతల ఏజెన్సీ గార్డు సైకిలుకు స్టాండు వేస్తున్నాడు.

మునియప్ప గేటు పట్టుకున్నాడు. "కేశవప్పా, వదలప్పా. ఆట మధ్యలోనే పోయొస్తా."

"నా పని పోతుంది మామా. ఇంటికి పో. వచ్చే ఏడు ఇదే రోజుకు చూద్దాం."

"వచ్చే ఏటికి నేనుంటానని రాసిస్తావా?"

కేశవప్ప ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం గడియ తీసింది.

మునియప్ప పరుగెత్తాడు. బంతి గాల్లో ఉంది. కుర్చీ మీది అంపైరు ఇంగ్లీషులో అరిచాడు. షామియానా కింద జనం లేచి నిలబడ్డారు. తెల్లాయన రాకెట్టు దించి, ముసలాయన చేతిలోని చెంబు చూసి, తనకే అనుకుని నవ్వుతూ చెయ్యి చాపాడు.

"జరుగు నాయనా. కాలు తియ్యి," అన్నాడు మునియప్ప.

చాపిన చేతిని దాటుకుని పోయాడు. కోర్టు చివరి తెల్లగీత దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బూట్లు చీల్చిన మట్టిని అరచేత్తో, చీర కుచ్చిళ్ళు సర్దినట్టు సర్దాడు. చెంబు వంచాడు.

"మట్టికి పాలు పోస్తుండాడే," అని బెంచీ మీద ఉదయ్ కుమార్ పగలబడి నవ్వాడు.

కంపెనీ కంచె వేయకముందు అది మునియప్ప రాగిచేను, ఆయన తన భార్య మునిలక్ష్మమ్మను పూడ్చిపెట్టింది ఆ తెల్లగీత కిందే.