కరీమున్ సలుపు

ఫిబ్రవరి 12. పొద్దున పొగమంచు. కల్లంలో మిరపకాయలు తిరగేసి, గుంటూరు బస్సెక్కి ఆసుపత్రికి వచ్చాను. నా భార్య కరీమున్ కాలికి ఆపరేషన్ అయి ఇది మూడో రోజు.

నర్సు లిడియా గారు చార్టు తెచ్చారు. "నొప్పి పదికి ఎంతమ్మా?"

"సున్నా వేయండి," అన్నాను. "నొప్పి లేదంటోంది."

"మిమ్మల్ని అడగలేదు బాబాయ్. కాలు ఆవిడది."

కరీమున్ పిడికిలిలో దుప్పటి నలుగుతోంది. "నొప్పి కాదమ్మా, సలుపు. రెండు రోజులుగా కన్ను మూతపడలేదు."

లిడియా గారు చార్టులో పాత సున్నాలు చూశారు. "సలుపూ నొప్పేనమ్మా. పదికి ఎంత?"

"తొమ్మిది. పది కాన్పుకి ఉంచా. అదీ ఈయనకు తెలీదు."

పక్క మంచాలవాళ్లు నవ్వారు. లిడియా గారు డాక్టరుకు ఫోన్ చేసి, సూది వేశారు. కరీమున్ పిడికిలి వదులైంది. నిద్రపోయింది.

సలుపని నాతో మొన్నే చెప్పింది. మత్తుసూదులకు అలవాటు పడుతుందని, ఆ సున్నాలన్నీ నేనే వేయించాను.

లేచింది. చార్టు మళ్లీ వస్తోంది. నన్ను బయటికెళ్లి నిలబడమంటోంది కరీమున్. వెళ్తున్నాను. కల్లంలో కాయల మీద పట్టా కప్పమని ఇంటికి ఫోన్ చేయాలి.