తాబేలు ఇంటిపన్ను

ఆ చెరువులో నీళ్లున్న రోజుల మాట ఇది. కట్టకి ఎండ్రకాయలు బొక్కలు పెట్టేశాయి. వాటిని పూడ్చడానికి ఏటా సింహం పంపే సొమ్ము ఈసారి రాలేదు. "ఇకమీదట మీ ఊరు మీరే ఏలుకోండి, మీకు పూర్తి స్వేచ్ఛ" అని కబురు మాత్రం వచ్చింది. సర్పంచి నక్క ఆ కబురుని మేళతాళాలతో ఊరేగించి, మర్నాడే పన్నుల వసూలుకి బయల్దేరింది.

ముందుగా ముసలి తాబేలు గవరమ్మ దొరికింది. కట్ట బాగుపడితే అంతే చాలనుకుని, గవరమ్మ నీటిపన్ను కింద ఒక చేప, ఇంటిపన్ను కింద ఇంకో చేప ఇచ్చింది.

"ఇల్లు నడుస్తోంది కదవ్వా, బండిపన్ను కూడా కట్టాలి" అంది నక్క.

గవరమ్మకి ఒళ్లుమండి తల లోపలికి లాక్కుంది.

"తలుపేసుకుంటే జరిమానా!" అంటూ నక్క డిప్పమీద దరువేసింది.

"కట్ట ఎప్పుడు పూడుస్తావురా?" అంది గవరమ్మ లోపలి నుంచే.

"వసూలుకి తిరిగేవాళ్లు తినొద్దా? మిగిలితే చూద్దాంలే."

మొదటి వానకే కట్ట తెగి, నీళ్లన్నీ వాగులో కలిశాయి. నక్క ఆ బురదలోనే సభ పెట్టి, "నేటి నుంచి నీటిపన్ను రద్దు!" అని చాటింది. కప్పలన్నీ ఎగిరెగిరి జై కొట్టాయి.

గవరమ్మ మాత్రం పక్కూరి చెరువు దారి పట్టింది.

"పన్ను తీసేసినా ఏడుపేనా, ముసలిదానా?" అని ఒక కప్ప ఎకసెక్కమాడింది.

"నాకేం ఏడుపు? మీరు అరవండి నాయనా, గొంతులో తడి ఉన్నంతసేపూ అరవండి" అంది గవరమ్మ, వెనక్కి తిరగకుండానే.