రెండో మెదడు

కోడలమ్మా, నీ నడుం నొప్పి తగ్గిందా? అబ్బాయికి జలుబు నయమేనా? పాప పన్ను ఊడిందా? ఇక్కడ మామయ్య కులాసా.

రోగి గుండెను కనిపెట్టుకుని ఉండే, మీరు తయారుచేసే ఆసుపత్రి యంత్రం ఆలస్యంగా మోగుతోందని మొన్న తల పట్టుకున్నావు.

"దానికి రెండు మెదళ్లున్నాయి అత్తయ్యా. తయారుచేసేటప్పుడు ఒక్కటే ఉందని దాని ప్రోగ్రాంలో రాసేశాం. చాకిరంతా మొదటిదే చేసింది, రెండోది ఊరికే కూర్చుంది."

"చెప్పనిదే పాపం అదేం చేస్తుందే," అని నవ్వాను.

కులాసా అన్నది అబద్ధం. నిన్న మామయ్య పిలిస్తే, నేను మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లేలోపే మంచం మీంచి పడ్డారు. దెబ్బ చిన్నదే.

మంచాన ఉన్న ఆయన పనిలో నేను నిన్నెప్పుడూ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇక నా ఒక్కదాని వల్ల కాదు తల్లీ. కదిలే బస్సు ఎక్కకు. పన్నెండో తారీకు, ఆదివారం రా.