నీళ్ళు ఆపినవాడు

"తెడ్డు వేస్తున్నావా, మీ అమ్మమ్మకి హరీస్ జావ కలిపిపెడుతున్నావా?"

ఒడ్డు మీద నుంచి ఖల్ఫాన్ అరిచాడు. అతని స్నేహితులు పగలబడి నవ్వారు. ముసబ్బె పళ్ళు కొరుక్కుంటూ పడవను గీత దాటించాడు. తొంభై ఎనిమిది సెకన్లు.

ఎడారి ఊరు అల్ ఐన్‌లోని ఆ కాలువలో వరదంతా పంపులు తోసే నీళ్ళే. అవతల హఫీత్ కొండ ఎండకు మండిపోతోంది. పడవ పందేలకు వెళ్ళే దేశపు జట్టులో ఒక్క చోటే మిగిలింది. పోటీలో మిగిలింది వీళ్ళిద్దరే. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా సలాం కూడా లేదు.

ఇక ఖల్ఫాన్ వంతు. పడవలో కూర్చుంటూనే తెడ్డుతో ముసబ్బె మొహాన నీళ్ళు చిమ్మాడు.

"చూసి నేర్చుకో. రేపటి నుంచి ఒంటెలు కాసుకుందువుగాని."

"నోరు కాదురా, పడవ నడుపు," అన్నాడు ముసబ్బె మొహం తుడుచుకుంటూ.

నడిపాడు. సగం దూరానికే గడియారం ఖల్ఫాన్‌ను మూడు సెకన్లు ముందు చూపించింది. స్నేహితులు ఈలలు వేశారు. పడవ పెద్ద మలుపు తిరిగి సిమెంటు గోడ చాటుకు వెళ్ళిపోయింది.

ముసబ్బె పంపుల గదికేసి పరిగెత్తాడు. అద్దం పగలగొట్టి ఎర్ర బటన్ నొక్కేశాడు.

పంపుల హోరు ఆగిపోయింది. నీళ్ళు జారిపోసాగాయి.

"ఏం చేశావురా, గాడిదా!" కోచ్ కెప్టెన్ నజీబ్ వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

అంతలో మలుపు అవతల నుంచి కేకలు. ఖల్ఫాన్ పడవ తలకిందులై రెండు దిమ్మెల మధ్య ఇరుక్కుపోయింది. మనిషి దాని కిందే ఉన్నాడు. నీళ్ళు తగ్గబట్టి నలుగురు దిగి బయటికి లాగారు. వీపు మీద చరిస్తే భళ్ళున కక్కి ఊపిరి పీల్చాడు.

కెప్టెన్ ముసబ్బెను గుండెలకు హత్తుకున్నాడు. "మాలో ఒక్కడికీ తట్టలేదు కదరా!"

స్ట్రెచర్ మీద నుంచి ఖల్ఫాన్ చెయ్యి చాచాడు. ముసబ్బె వంగాడు. ఖల్ఫాన్ వాళ్ళ పద్ధతిలో సలాం చేస్తూ అతని ముక్కుకు తన ముక్కు ఆనించి ఏడ్చేశాడు.

"ఇన్నేళ్ళూ నిన్ను తిట్టిన నోరు ఇది. అయినా బతికించావు. ఆ చోటు నీదే, అన్నా."

ముసబ్బె తల వంచుకున్నాడు. గాజు పెంకు గీరిన చేతి నుంచి రక్తం కారుతోంది.

ఖల్ఫాన్ పడవ అప్పటికే తిరగబడిందన్న సంగతి, ఆ బటన్ నొక్కినప్పుడు అతనికి తెలియదు.