ఏడు మైనపు పళ్లు

తైచుంగ్ నగరం మొత్తంలో నా అంత నిలకడైన చేతులు ఎవరికీ లేవు. నేను మైనం చెక్కుతుంటే దోమలు కూడా ఊపిరి బిగబట్టి చూస్తాయి. ఎల్లుండి దంతవైద్య కాలేజీలో సీటు కోసం మైనంతో పన్ను చెక్కే చేతిపని పరీక్ష.

ఆ రాత్రి పేషాన్ అక్క నా అద్దెగదికి వచ్చింది. తను అదే కాలేజీలో మూడో ఏడు.

"ఏదీ, నా ముందు ఒక పన్ను చెక్కు" అంది.

కత్తి ఆనించగానే మైనపు దిమ్మ రెండు ముక్కలైంది.

అక్క నవ్వుతూ సొరుగు తెరిచింది. వారం రోజులుగా నేను తనకి ఫొటోలు పంపిన ఏడు పళ్లనూ బల్ల మీద పేర్చి, సొరుగు మూసింది. నవ్వు ఆగిపోయింది.

"పరీక్షకి ఎవడైనా కొత్త పన్ను చెక్కుతాడు. ఇవి నమిలి నమిలి అరిగిపోయిన పళ్లు రా. ఏడూ ఒకే నోటివి. చూసి చెక్కడానికి ఏ ముసలాయన్ని కూర్చోబెట్టావు?"

మైనం గీకుతున్న చప్పుడు సన్నగా మొదలైంది.

"వేషాలు చాలు, గీకడం ఆపు."

నా రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. అక్క వాటిని చూసింది, తర్వాత మూసిన సొరుగును చూసింది.

"అక్కా, వీటిలో ఒక్కటీ నేను చెక్కలేదు" అన్నాను. "రోజూ పొద్దున్నే ఆ సొరుగులో ఒకటి ఉండేది."